శ్రీవిజయం, మజపహిత్, మలక్కా: రాజ్యాలను కూల్చింది మతమా, వర్తకమా?

తీరరేఖ

ఆగ్నేయాసియా చరిత్రను మనకు సాధారణంగా మూడు పొరలుగా చెబుతారు. ముందు హిందూ, బౌద్ధ రాజ్యాలు వెలిశాయి, తరువాత ఇస్లాం వచ్చి వాటిని తొలగించింది, చివరకు ఐరోపావారు వచ్చి అందరినీ లోబరచుకున్నారు అన్నది ఆ కథ సారాంశం. సుమత్రాలోని శ్రీవిజయం గురించి, జావాలోని మజపహిత్ గురించి, మలయా తీరంలోని మలక్కా గురించి చదువుతున్నకొద్దీ ఈ పొరల లెక్క నాకు నమ్మదగినదిగా తోచడం లేదు. మొదటిది బౌద్ధ రాజ్యం, రెండవది శివుణ్ణీ బుద్ధుణ్ణీ కలిపి కొలిచిన రాజ్యం, మూడవది ముస్లిం సుల్తానుల రాజ్యం. అయినా ఈ మూడూ బతికింది ఒకే మలక్కా జలసంధి మీద, ఒకే ఋతుపవనాల మీద, దాదాపు అవే సరుకుల మీద.

అందువల్ల నేను అడగదలచుకున్నది ఇది. ఈ రాజ్యాలలో ఏ ఒక్కటైనా మతం మారడం వల్లనే కూలిందని చెప్పడానికి ఆధారం ఉన్నదా? లేక ఓడలు తమ రేవుకు రావడం మానేసిన తరువాతనే కూలాయా? శాసనాలు చదివినవారు, ఆ ప్రాంతాలు చూసినవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను.

శాసనప్రియ

శ్రీవిజయం విషయంలో మనకు దొరికే తొలి సాక్ష్యాలు దాని రాజధాని పాలెంబాంగ్ పరిసరాల శాసనాలే. కెడుకాన్ బుకిత్ శాసనం క్రీ.శ. 682 నాటిది. భాష పాత మలయు, లిపి మాత్రం పల్లవ లిపి. దపుంత హ్యాంగ్ అనే ప్రభువు ఇరవై వేల సైన్యంతో పడవలెక్కి జైత్రయాత్ర చేసి తిరిగి వచ్చాడని అందులో ఉంది. దీనికన్నా నాకు ఆసక్తికరంగా తోచేది తెలగ బాతు శాసనం. రాజద్రోహం తలపెట్టేవారిని శపిస్తూ చెక్కించిన ఆ రాతికి పైన ఏడు పడగల నాగం ఉంటుంది. ప్రమాణం చేయవలసిన వారి జాబితాలో రాజకుమారులు, సేనానులతో పాటు ఓడ నాయకులు, వర్తకులు కూడా ఉన్నారు. పొలాల మీద పన్నుతో బతికే రాజు ఓడ నాయకులను పిలిపించి ప్రమాణం చేయించవలసిన అవసరం ఉండదు కదా.

చైనా భిక్షువు ఇత్సింగ్ 671లో గ్వాంగ్‌జౌ నుంచి ఓడలో బయలుదేరి ఇక్కడ ఆరు నెలలు ఉండి సంస్కృత వ్యాకరణం నేర్చుకున్నాడు. ఇక్కడ వెయ్యిమందికి పైగా భిక్షువులు ఉన్నారని, భారతదేశానికి వెళ్లదలచినవారు ముందు ఇక్కడ కొంతకాలం చదువుకోవడం మంచిదని రాశాడు. ఆ మజిలీ కేవలం భక్తి వల్ల ఏర్పడినది కాదని గమనించాలి. చైనా వైపు నుంచి ఒక ఋతువు గాలితో వచ్చిన ఓడ, పడమటికి సాగాలంటే గాలి తిరిగేవరకు ఎక్కడో ఒకచోట లంగరు వేసి నిలవక తప్పదు. నెలల తరబడి ఆగిన మనుషులకు బియ్యం, మంచినీళ్లు, గిడ్డంగులు, దుబాసీలు కావాలి. విహారం ఉన్నచోట చదువు కూడా సాగుతుంది. రాజుకు విహారం పుణ్యంతో పాటు పలుకుబడిని కూడా ఇచ్చింది.

ఆ పలుకుబడిని వారు ఎంత దూరం తీసుకువెళ్లారో చూడండి. తొమ్మిదో శతాబ్దంలో సువర్ణద్వీపపు (అంటే సుమత్రా) రాజు బాలపుత్రదేవుడు నలందలో విహారం కట్టించగా, పాల రాజు దేవపాలుడు దాని పోషణకు ఐదు గ్రామాలు ఇచ్చాడని తామ్రశాసనం చెబుతున్నది. 1003లో శ్రీవిజయ రాయబారులు సోంగ్ చక్రవర్తి కొలువుకు వెళ్లి, ఆయన ఆయుష్షు కోరుతూ తమ దేశంలో బౌద్ధాలయం కట్టామని, దానికి పేరు పెట్టి గంటను ప్రసాదించమని విన్నవించారు. దాదాపు అదే సమయంలో అదే వంశం నాగపట్నంలో చూడామణివర్మ విహారాన్ని లేపింది. దానికి రాజరాజచోళుడు ఆనైమంగలం గ్రామపు ఆదాయాన్ని రాసి ఇచ్చాడు. చైనా కొలువులో ఒక ఆలయం పేరు చెప్పుకుని, చోళుల రేవులో ఇంకొకటి కట్టించి, రెండు విపణులనూ చేతిలో ఉంచుకోవడం గొప్ప దౌత్యమే.

ప్రతివాది

మీ ఇద్దరి వాదన ఒకే దిక్కుకు పోతున్నది కనుక నేను ఎదురు నిలబడతాను. రాజరాజు ఊరు ఇచ్చిన ఇరవై ఏళ్లకే, 1025లో, ఆయన కుమారుడు రాజేంద్రచోళుడు నౌకాదళాన్ని పంపి శ్రీవిజయాన్ని, మలయా తీరంలోని కడారాన్ని (నేటి కెడా) కొల్లగొట్టాడు. రాజు సంగ్రామ విజయోత్తుంగవర్మను పట్టుకున్నాడు, విద్యాధర తోరణాన్ని తీసుకువచ్చాడు. దాడి చేసింది పరమ శైవ చక్రవర్తి, దెబ్బ తిన్నది బౌద్ధ రాజ్యం. ఇందులో మతం ఏమాత్రం లేదని ఎలా అంటారు? అయిదు శతాబ్దాల తరువాత జావాలో ముస్లిం రేవు రాజ్యమైన దెమాక్ చేతిలో హిందూ మజపహిత్ అంతరించింది. ఈ రెండూ యాదృచ్ఛికాలేనా?

శాసనప్రియ

ప్రతివాది గారు, చోళుల దాడి ఊహించని మలుపే, కానీ దాని ముందూ వెనుకా ఏమి జరిగిందో కూడా చూడాలి. దాడి తరువాత నాగపట్నం విహారాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 1090లో కడారపు రాజు దూతలు వచ్చి కోరగా, కులోత్తుంగచోళుడు ఆ విహారపు గ్రామాలకు పన్నుల మినహాయింపు ఇచ్చాడు. ఈ కులోత్తుంగుడు మనవాడే. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుని కుమారుడు, వేంగి చాళుక్య రాజకుమారుడుగా పుట్టి 1070లో చోళ సింహాసనం ఎక్కినవాడు. తల్లి వైపున రాజేంద్రచోళుని మనుమడు. తాత కొల్లగొట్టిన రాజ్యపు విహారాన్ని మనుమడు పోషించాడంటే అది మతవైరం ఉన్న ఇంటి పద్ధతి కాదు. ఆ విహారపు శిథిల గోపురం 1867లో కూల్చివేసేవరకు నాగపట్నం తీరంలో నావికులకు కనిపిస్తూనే ఉండేది.

ఇక దాడికి కారణం వెతకవలసింది చైనా రేవులలో. సోంగ్ వంశం సముద్ర వర్తకాన్ని ప్రోత్సహించింది. చోళుల తొలి రాయబారం 1015లో అక్కడికి చేరింది. తమిళ వర్తక సంఘాలకు తూర్పు సముద్రం మీద స్వంత దారి కావలసి వచ్చింది. దారిలో పాలెంబాంగ్, కడారం కాపలా కాస్తూ కూర్చున్నాయి. ఐనూరువర్ అనే వర్తక సంఘం 1088లో సుమత్రా పడమటి తీరాన బారూస్ వద్ద, అంటే కర్పూరం దొరికే చోట, తమిళ శాసనం వేయించింది. దాడి చేసినవారికి భూమి మీద ఆశ లేదనడానికి ఇంకొక ఆనవాలు, వారు అక్కడ పరిపాలన నెలకొల్పకుండా తిరిగి రావడమే.

పాతనాణెం

దాడి గురించి చాలా రాస్తున్నారు కానీ శ్రీవిజయాన్ని దించినది ఆ ఒక్క దెబ్బ కాదు. 1025 తరువాత కూడా ఆ రాజ్యం పేరుతో చైనాకు రాయబారాలు వెళ్లాయి. రాజధాని మాత్రం పదకొండో శతాబ్దం చివరికి పాలెంబాంగ్ నుంచి జంబి వైపు జరిగింది. దాని బలహీనత దాని బలంలోనే ఉంది. పదమూడో శతాబ్దపు చైనా సుంకాధికారి చావో జుకువా 1225 నాటి రచనలో ఇక్కడి పద్ధతిని వర్ణించాడు. రేవులో ఆగకుండా దాటిపోయే ఓడ కనిపిస్తే వీరి పడవలు బయలుదేరి చావుకు తెగించి దాని మీద పడేవట. అంటే నీటి మీద టోల్‌గేటు వేసి కూర్చున్నట్టు. దారి అదొక్కటే అయినంత కాలం, సరుకు చేతులు మారవలసిన చోటు అదొక్కటే అయినంత కాలం అది నడిచింది.

ఆ కాలంలో సరుకు ఎలా వచ్చేదో తెలియాలంటే 1998లో బెలితుంగ్ దీవి దగ్గర దొరికిన ఓడను తలచుకోవాలి. అది తొమ్మిదో శతాబ్దపు మొదటి భాగంలో మునిగిన, అరబ్బు పద్ధతిలో పలకలను తాళ్లతో కుట్టి కట్టిన ఓడ. దాని కడుపులో సుమారు అరవై వేల చైనా పింగాణీ పాత్రలు ఉన్నాయి. ఎక్కువ భాగం చాంగ్షా కొలిమిలలో కాల్చినవి, ఒక గిన్నె మీద 826వ సంవత్సరానికి సరిపోయే తేదీ కూడా ఉంది. బౌద్ధ రాజు నీళ్లలో, ముస్లిం యజమానులవే అయివుండగల ఓడ, చైనాలో తయారైన సరుకు. 878–79లో హువాంగ్ చావో తిరుగుబాటుదారులు గ్వాంగ్‌జౌలో విదేశీ వర్తకులను ఊచకోత కోసిన తరువాత పడమటి ఓడలు చైనా దాకా పోవడం మాని జలసంధి దగ్గరే ఆగడం మొదలుపెట్టాయి. శ్రీవిజయానికి అంతకన్నా అదృష్టం ఏముంటుంది?

ఆ అదృష్టం సోంగ్ కాలంలో తిరగబడింది. చైనా వర్తకులు స్వంత ఓడలు కట్టుకుని, సరుకు పండేచోటికే నేరుగా రావడం ఆరంభించారు. మిరియం కోసం జావాకు, కర్పూరం కోసం సుమత్రా రేవులకు, ఎవరికి కావలసిన చోటికి వారు వెళుతుంటే, అందరినీ ఒకేచోట ఆపి సుంకం వసూలు చేయడం ఎవరి తరమూ కాదు. సామంత రేవులు కూడా అదే సందులో స్వంతంగా బేరాలు పెట్టుకున్నాయి. ఇందులో ఏ దేవునికీ ప్రమేయం లేదు.

వరిమడి

ఇంతసేపూ సముద్రమే మాట్లాడింది. తీరరేఖ గారు మొదటి టపాలో మజపహిత్‌ను కూడా జలసంధి మీద బతికిన రాజ్యంగా లెక్క వేశారు. ఆ మాటను నేను ఒప్పుకోలేను. జావా బతికింది ముందు వరి మీద, తరువాతనే సముద్రం మీద.

మధ్య జావాలో అగ్నిపర్వతాల బూడిద కలిసిన నేలలో పండిన ధాన్యమే 800 ప్రాంతంలో శైలేంద్రుల చేత బోరోబుదూరును, కొద్ది తరాలకే వేరొక వంశం చేత ప్రంబనన్ శివాలయాన్ని కట్టించింది. బోరోబుదూరులో 2,672 శిల్పఫలకాలు, 504 బుద్ధ విగ్రహాలు ఉన్నాయి. అంతమంది శిల్పులకు కూలీలకు తిండి పెట్టినది మిగులు పంట. ఆ ఫలకాలలో తెరచాపలెత్తిన ఓడలు కూడా ఉన్నమాట నిజమే. బౌద్ధ స్తూపమూ శివాలయమూ ఒకదానికొకటి కొద్ది దూరంలో, ఒకే శతాబ్దంలో లేవడాన్ని మతయుద్ధంగా చదివిన పాత పండితులు ఉన్నారు. కానీ అదే గడ్డ మీద 778 నాటి కలసన్ శాసనంలో శైవ సంజయ వంశపు రాజు పణంకరణుడు తారాదేవికి ఆలయం కట్టడానికి భూమి ఇచ్చినట్టు ఉంది.

పదో శతాబ్దం తొలి భాగంలో రాజధాని తూర్పు జావాకు, బ్రాంతాస్ నది లోయకు మారింది. ఆ నది ప్రత్యేకత ఏమిటంటే, దాని ఎగువన వరి మడులు ఉన్నాయి, దిగువన రేవులు ఉన్నాయి. బియ్యం పడవల్లో కిందికి దిగుతుంది, మలూకు దీవులకు పోతుంది, అక్కడి లవంగాలు, బందా దీవుల జాజికాయ, జాపత్రి వెనక్కి వస్తాయి. లవంగం తెర్నాతే, తిదోరె మొదలైన కొద్ది దీవులలోనే, జాజికాయ బందాలో మాత్రమే పండేవి. ఆ దీవులలో వరి పండదు. మసాలా దినుసులు కావాలన్నవాడి దగ్గర బియ్యం ఉండాలి, బట్ట ఉండాలి. బియ్యం జావా దగ్గర ఉంది. మజపహిత్ బలానికి మూలం ఈ బియ్యమే.

1293లో కుబ్లయ్ ఖాన్ పంపిన దళాన్ని ముందు శత్రువు మీదికి ఉసిగొల్పి, పని అయ్యాక అదే దళాన్ని తరిమికొట్టి రాదెన్ విజయ స్థాపించిన రాజ్యం అది. హయమ్ వురుక్ (1350–1389) కాలంలో, గజ మద మంత్రిగా ఉన్నప్పుడు ఉచ్చస్థితికి చేరింది. ఆస్థాన కవి ప్రపంచ 1365లో ముగించిన నాగరకృతాగమ కావ్యం రాజధానికి వచ్చే వర్తకుల దేశాలను పేర్కొంటుంది. జంబూద్వీపం, కాంభోజం, చైనా, చంపా, సయాం, గౌడ, కర్ణాటక దేశాల పేర్లు అందులో ఉన్నాయి. బజారులో చెల్లిన నాణెం చైనా రాగి కాసు. 1358 నాటి ఒక శాసనం బ్రాంతాస్, సోలో నదుల మీది పడవరేవుల పేర్లన్నీ వరుసగా చెప్పి అక్కడి పడవవారికి హక్కులు కల్పించింది. వర్తకాన్ని ఎంత లోతట్టు దాకా పట్టించుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రతివాది

అంత బలమైన రాజ్యమైతే మరి ఎందుకు పోయింది? దెమాక్ సుల్తానులు పడగొట్టారన్నది జావా ప్రజలే చెప్పుకునే కథ కదా.

వరిమడి

కథ అలాగే ఉంది, కానీ కాలక్రమం వేరొకటి చెబుతుంది. హయమ్ వురుక్ చనిపోయిన పదిహేనేళ్లకే, 1404–1406లో, వారసుల మధ్య పరెగ్రెగ్ యుద్ధం జరిగి రాజవంశం తనను తాను చీల్చుకుంది. ఆ సమయంలోనే చైనా నౌకాధిపతి చెంగ్ హో నావికాదళం జలసంధిలో తిరగడం మొదలుపెట్టి, కొత్తగా పుట్టిన మలక్కాకు అండగా నిలిచింది. జావా ఉత్తర తీరపు రేవులు, గ్రెసిక్, తుబాన్, జపారా, దెమాక్ వంటివి, రాజధానికి కప్పం కట్టడం కన్నా మలక్కాకు బియ్యం అమ్మడం లాభమని గ్రహించాయి. దెమాక్ చివరి దెబ్బ తీసింది 1527 ప్రాంతంలో. అప్పటికి రాజ్యం వంద సంవత్సరాలకు పైగా సన్నగిల్లుతూనే ఉంది.

ఇంకొక సంగతి. రాజధాని త్రోవులాన్ పరిసరాలలో పద్నాలుగో శతాబ్దపు ద్వితీయార్ధానికి చెందిన ముస్లిం సమాధి రాళ్లు ఉన్నాయి. వాటి మీద తేదీలు హిజ్రీలో కాక శకవర్షాలలో, జావా అంకెలలో ఉన్నాయి. అంటే అక్కడ పాతిపెట్టబడినవారు బయటి వర్తకులు కాక, బహుశా కొలువుకు దగ్గరి జావా కుటుంబాలవారే. హిందూ రాజ్యం ఉచ్చదశలో ఉన్నప్పుడే, దాని కోట నీడలోనే ముస్లింలు ఉన్నారు. సుల్తానులు రాజయ్యే నాటికి ఆ మతం రేవులలో తరాలుగా ఇరుగుపొరుగు మతమే. ఓడిన పక్షంలోని కొందరు కళలతో, గ్రంథాలతో బాలికి చేరారన్నది కూడా నిజమే. మతానికి నేను విలువ లేదనడం లేదు, కూలడానికి అది కారణం కాదంటున్నాను.

పెరాక్_తెలుగు

నేను మలేసియాలో పుట్టి పెరిగిన తెలుగువాడిని. మా ముత్తాతలు రబ్బరు తోటల పనికి వచ్చినవారు. మా బడి పుస్తకాలలో చరిత్ర మలక్కా సుల్తానులతో ఘనంగా మొదలయ్యేది, కెడాలోని బుజాంగ్ లోయ గురించి చాలా కొద్దిగా ఉండేది. ఆ లోయలో మెర్బోక్ దగ్గర రాతి పునాదుల మీద తిరిగి నిలబెట్టిన ఆలయం ఉంది. ఆ ప్రాంతమే చోళులు చెప్పిన కడారం. అక్కడికి దక్షిణాన సముద్రతీరం వెంట దొరికిన అయిదో శతాబ్దపు రాతిపలక మీద బుద్ధగుప్తుడనే మహానావికుడు తన యాత్ర సఫలం కావాలని కోరుతూ చెక్కించిన సంస్కృత వాక్యాలున్నాయి. మనవైపు ఘంటసాల బౌద్ధ శాసనంలో కూడా మహానావికుడు శివకుడు కనిపిస్తాడు. ఆ బిరుదు రెండు తీరాల మీదా ఒకటే.

మలక్కా గురించి రెండు మాటలు. 1400 ప్రాంతంలో పాలెంబాంగ్ వంశపు పరమేశ్వరుడు స్థాపించిన ఆ ఊరికి స్వంత పంట లేదు, బియ్యం కూడా దిగుమతే. ఉన్నదల్లా నీరు లోతుగా ఉన్న నదీముఖం, రెండు ఋతుపవనాలు కలిసే చోటు, బాగా నడిపిన పద్ధతి. వర్తకులను నాలుగు గుంపులుగా చేసి ఒక్కొక్క గుంపుకు ఒక షాబందరును, అంటే రేవు అధికారిని, నియమించారు. గుజరాతీలకు ఒకరు, కళింగ తీరంవారు, బెంగాలీలు, పెగూవారు, పసాయివారికి ఒకరు, జావా, మలూకు, బందా, పాలెంబాంగ్ వంటి తూర్పు దీవులవారికి ఒకరు, చైనా, చంపా, ర్యూక్యూ వారికి ఇంకొకరు. 1512 నుంచి 1515 వరకు అక్కడ ఉన్న పోర్చుగీసు వైద్యదినుసుల వ్యాపారి తొమే పిరెస్ ఈ పద్ధతి రాసిపెట్టాడు. పడమటి నుంచి వచ్చిన సరుకుకు నూటికి ఆరు సుంకం. తూర్పు ఓడలకు సుంకం లేదు, కానుకలు మాత్రం ఇవ్వాలి. ఓడ వచ్చాక పదిమంది వర్తకులు, అందులో ఐదుగురు కళింగ తీరంవారు, కూర్చుని మొత్తం సరుకుకు ఒకేసారి ధర కట్టేవారు. అధికారి లంచం కోసం నాన్చే అవకాశం తగ్గేది, గాలి తిరిగేలోపు వర్తకుడు బయలుదేరేవాడు. ఆ ఊరి వీధులలో 84 భాషలు వినిపిస్తాయని ఆయన రాశాడు.

తీరరేఖ

పెరాక్_తెలుగు గారికి కృతజ్ఞతలు. ఒక సందేహం. సుంకమూ పద్ధతీ చాలు కదా, సుల్తాను ఇస్లాం స్వీకరించవలసిన అవసరం ఏమి వచ్చింది?

పాతనాణెం

కారణాలు ఒకటికన్నా ఎక్కువే. పదమూడో శతాబ్దం నుంచి మిరియం, లవంగం కొనే పెద్ద గిరాకీ ఎర్ర సముద్రం మీదుగా కైరోకు, అక్కడి నుంచి వెనిస్‌కు పోయింది. ఆ దారి పొడవునా సరుకు కొన్నవారు, అప్పు ఇచ్చినవారు, సాక్ష్యం చెప్పినవారు అధికంగా ముస్లింలు. సుమత్రా ఉత్తర కొసన సముద్ర పసాయి రాజు మాలిక్ అల్ సాలిహ్ 1297లో చనిపోయాడని ఆయన సమాధి మీద ఉంది. అంటే మలక్కా పుట్టకముందే జలసంధి ముఖద్వారంలో ముస్లిం రాజ్యం ఉంది. 1345–46 ప్రాంతంలో ఇబ్న్ బతూతా అక్కడ దిగి సుల్తాను మర్యాదలు పొందాడు. ఒకే ధర్మశాస్త్రం ఉన్న న్యాయాధికారి ముందు అరబ్బు, గుజరాతీ, బెంగాలీ వర్తకుల ఒప్పందాలు ఒకే విధంగా చెల్లుతాయి. పసాయితో వియ్యమందిన మలక్కా పాలకుడికి అది సౌకర్యమే.

ఈ సంబంధానికి రాతి సాక్ష్యం కూడా ఉంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో చెక్కిన పాలరాతి సమాధి ఫలకాలను ఓడలలో తెప్పించుకుని పసాయిలోనూ జావాలోని గ్రెసిక్‌లోనూ నిలబెట్టారు. గ్రెసిక్‌లోని మాలిక్ ఇబ్రాహీం సమాధి తేదీ 1419. ఆ ఫలకాలు చెక్కిన ఊరిలో అదే పనివారు అంతకుముందు ఆలయాలకు చెక్కిన పాలరాతి పనికి వాటి అంచుల లతలు దగ్గరగా ఉంటాయని కళాచరిత్రకారులు అంటారు. మతంతో పాటు సమాధిరాయి కూడా సరుకే అయింది.

బందరువాసి

చర్చ మా వైపు రావడానికి ఇంత సమయం పట్టింది. ఈ జలసంధి కథలో మన తీరం పాత్ర బట్టది. మలూకులో డబ్బు ఇస్తే లవంగం ఇవ్వరు. కోరమండల తీరపు రంగుబట్ట, గుజరాత్ బట్ట ఇస్తేనే ఇస్తారు. అందులో మన కృష్ణా తీరపు ఎరుపుకు పేరు ఎక్కువ. పెద్దపల్లి, అంటే నేటి నిజాంపట్నం, చుట్టుపక్కల ఇసుక నేలల్లో దొరికిన చిరువేరు రంగు ఎన్ని ఉతుకులకైనా పోదని ఒలందులు (డచ్చివారు), ఆంగ్లేయులు కూడా ఒప్పుకున్నారు. ఒలందులు 1605–06లోనే మచిలీపట్నంలోనూ నిజాంపట్నంలోనూ కొట్లు తెరిచారంటే మన ఊరి మీద ప్రేమతో కాదు. ఈ బట్ట లేకపోతే వారికి దీవులలో మసాలాలు పుట్టవు.

పాతనాణెం గారు శ్రీవిజయపు బలవంతం గురించి రాశారు. దానికి సరిగ్గా ఎదురు నిలిచేది మోటుపల్లి శాసనం. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడు శకవర్షం 1166లో, అంటే క్రీ.శ. 1244–45లో, వేయించిన అభయశాసనం అది. తుపానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, తాను ధర్మం తలచి నియమిత సుంకం తప్ప వేరేమీ తీసుకోనని అందులో చెప్పుకున్నాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. గంధం, కర్పూరం, చైనా కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలు, సీసం, పట్టునూలు, మిరియాలు, పోకలు మొదలైన సరుకులు అందులో ఉన్నాయి. సగానికి సగం జలసంధి అవతలివే. కాకతీయులు పోయాక 1358లో అనపోతారెడ్డి అక్కడే వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు. రాజవంశం మారింది, వర్తకులకు ఇచ్చే మాట అదే. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ కుతుబ్ షాహీలు మచిలీపట్నంలో షాబందరును పెట్టి నడిపించినది కూడా ఈ పద్ధతికి దగ్గరే. శైవ కాకతీయులకు, షియా సుల్తానులకు రేవు విషయంలో నాకు పెద్ద తేడా కనిపించదు.

ప్రతివాది

మోటుపల్లి మాట ఒప్పుకుంటాను. కానీ 1511ను ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఆగస్టులో పోర్చుగీసు సేనాని ఆల్బుకర్క్ మలక్కాను పట్టుకున్నది స్పష్టంగా మతం పేరు చెప్పుకునే. ముస్లిం వర్తకులను అణచి హిందూ వర్తకులను దగ్గరకు తీశాడు. నీనా చాటు అనే కోరమండల తీరపు హిందూ వర్తకుణ్ణి బెందహారగా, అంటే మంత్రి వంటి పదవిలో, నియమించారు. 1514లో ఆ పదవి తీసివేయగా ఆయన అవమానం భరించలేక చితి పేర్చుకుని దూకాడు. కనీసం ఈ సందర్భంలో మతమే వర్తక విధానమైంది.

బందరువాసి

అయింది, కాదనను. కానీ దాని ఫలితం చూడండి. బుడతకీచులు (పోర్చుగీసువారు) పట్టుకున్నది కోటను, వర్తకాన్ని కాదు. మలక్కాలో ఉండలేని ముస్లిం వర్తకులు ఆచేకు, జోహార్‌కు, బాంతెన్‌కు, బ్రూనైకి చెదిరిపోయారు. సుమత్రా మిరియం ఆచే నుంచి నేరుగా ఎర్ర సముద్రానికి పోయే దారి తెరుచుకుని, పదహారో శతాబ్దపు మధ్యకు వెనిస్‌కు మళ్లీ మసాలాలు చేరాయి. మలక్కా ప్రభువు చేయి వెనిస్ గొంతు మీద ఉంటుందని పిరెస్ రాశాడు. ఆ చేతికి పట్టు చిక్కలేదు. ఓడకు వేరే రేవు ఉన్నంత కాలం ఏ రాజు మతమైనా వర్తకుణ్ణి కట్టిపడవేయలేదు.

దీన్ని గ్రహించి పద్ధతినే మార్చినవారు ఒలందులు. వారు జలసంధిని కాక మొక్కను పట్టుకున్నారు. 1621లో వారి అధిపతి యాన్ కూన్ బందా దీవులపై పడి, సుమారు పదిహేను వేలని అంచనా వేసే జనాభాలో అత్యధికులను చంపి, బానిసలుగా చేసి, ఆకలికి వదిలి, జాజి తోటలను తమ మనుషులకు పంచాడు. లవంగం చెట్లను ఇతర దీవులలో నరికించారు. శ్రీవిజయం నుంచి మలక్కా దాకా ఏ రాజూ సరుకు పండించేవారిని తుడిచిపెట్టలేదు. హిందూ, బౌద్ధ, ముస్లిం రాజ్యాల మధ్య గీత గీయడం కన్నా ఇక్కడ గీయడం నాకు న్యాయంగా తోస్తుంది.

వరిమడి

ప్రతివాది గారు అడిగిన మతం ప్రశ్నకు 1511 తరువాతి వందేళ్లలోనే మరొక జవాబు ఉంది. మలక్కా సుల్తాను వారసులు జోహార్‌లో స్థిరపడ్డారు. వారూ ముస్లింలే, ఆచే సుల్తానులూ ముస్లింలే. ఇద్దరికీ శత్రువైన బుడతకీచు మలక్కా కోటలో కూర్చున్నాడు. అయినా ఆచే సుల్తాను ఇస్కందర్ ముదా (1607–1636) 1613లో జోహార్ మీద దాడి చేసి సుల్తానును బందీగా తీసుకుపోయాడు. తరువాత పహాంగ్, కెడా, పెరాక్ కూడా కొల్లగొట్టాడు. అందులో పెరాక్ తగరం గనులున్న చోటు, కెడా మిరియం పండిన చోటు. 1629లో బుడతకీచుల మలక్కా మీదికి పంపిన అతి పెద్ద దళం ధ్వంసమైనప్పుడు జోహార్ నౌకలు నిలిచింది బుడతకీచుల పక్షాన. 1641లో ఒలందులు అదే కోటను పట్టుకున్నప్పుడు జోహార్ వారి పక్షాన ఉంది.

బందరు ఓడలు ఆచేకు బట్ట తీసుకువెళ్లి మిరియం, తగరం, సాంబ్రాణి, బంగారం తెచ్చినది సరిగ్గా ఈ సంవత్సరాలలోనే. మలక్కా చేజిక్కాక ఒలందులు ఆ ఓడలను తమ అనుమతిపత్రం లేనిదే ఆచే వైపు పోనివ్వకుండా చూడసాగారు. పెరాక్ తగరాన్ని తమకే అమ్మాలని అక్కడి ప్రభువులతో ఒడంబడికలు రాయించుకున్నారు. గోల్కొండ సుల్తాను, అప్పటికి ఆచేను ఏలుతున్న రాణి ఇద్దరూ ముస్లింలు కావడం ఆ ఓడలకు ఏ అక్కరకూ రాలేదు.